నాలుగుసార్లు వచ్చిన మనిషి

నేను పనిచేసే సర్కారు దవాఖాన ఒకప్పుడు బస్తీవాళ్ళ కమ్యూనిటీ హాలు. పెళ్ళిళ్ళకీ పుట్టినరోజులకీ కిరాయికి ఇచ్చేవాళ్ళట. వెనక గోడకి డెకరేషన్ వాళ్ళు కొట్టిన మేకులు ఇప్పటికీ అలాగే ఉన్నాయి. బోరబండ స్టేషన్ నుంచి పది నిమిషాల నడక. డాబా ఎక్కితే హైటెక్ సిటీ అద్దాల మేడలు కనిపిస్తాయి. మా దగ్గరికి వచ్చేవాళ్ళలో చాలామంది పొద్దున్నే పనికి పోయేది ఆ మేడల్లోకే. కొందరు గేటు దగ్గర కాపలా ఉంటారు, కొందరు క్యాంటీన్‌లో గిన్నెలు తోముతారు, ఆడవాళ్ళు ఎక్కువమంది హౌస్‌కీపింగ్. ఒంట్లో బాగోలేకపోతే ఆ రోజు పని మానుకుని మా వరండాలో చీటీ పట్టుకుని కూర్చుంటారు.

నేను డాక్టర్‌ని. మాది కోస్తా వైపు. చదువయ్యాక ఇటొచ్చి, పెళ్ళయ్యాక కూకట్‌పల్లిలో స్థిరపడిపోయాను. ఈ దవాఖానలో చేరి ఆరేళ్ళయింది. ఇప్పుడు రాస్తున్నది మూడేళ్ళ కిందటి సంగతి. ఒకసారి మీటింగులో చెప్పాను గానీ, అక్కడ చెప్పింది కేసు. ఆ మనిషి గురించి చెప్పలేదు.

ఆమెకు ముప్ఫై ఎనిమిదేళ్ళు. భర్త పోయి చాలా కాలమైంది. ఒక్కతే కూతురు, అప్పుడు డిగ్రీ రెండో సంవత్సరం. ఆమె ఒక ఐటీ కంపెనీ మేడలో నాలుగో అంతస్తు శుభ్రం చేసేది. ఇవన్నీ నాకు తర్వాత తెలిసినవి. మొదటిసారి వచ్చినప్పుడు తెలిసింది రెండే ముక్కలు: నడుం నొప్పి, హౌస్‌కీపింగ్ పని. ఆ రెండూ పక్కపక్కన పెట్టుకుంటే నాకు ఇంకేమీ అడగాలనిపించలేదు. రోజంతా వంగి నేల తుడిచే మనిషికి నడుం నొప్పి రాక ఏమొస్తుంది? ఐదు రోజులకు నొప్పి గోలీలు, కాల్షియం, రాసుకోవడానికి మందు రాసిచ్చాను. బరువులెత్తొద్దన్నాను. ఆమె సరే మేడం అని లేచి వెళ్ళిపోయింది. వెళ్ళేటప్పుడు కుర్చీని మళ్ళీ వరసలోకి జరిపి వెళ్ళింది. అది మాత్రం బాగా గుర్తుంది, ఎందుకంటే అలా ఎవరూ చెయ్యరు.

మూడు వారాలకు మళ్ళీ వచ్చింది. గోలీలు వేసుకున్నంతసేపే బాగుంటోందనీ, తర్వాత మామూలేననీ చెప్పింది. పడుకున్నా నొప్పి తగ్గట్లేదని కూడా అంది. పడుకున్నా తగ్గని నడుం నొప్పి అంటే చెవులు రిక్కించి వినాలని మాకు రెండో ఏడాదిలోనే చెప్తారు. నేను విన్నాను. విని, "పరుపు మీద కాకుండా చాప మీద పడుకో" అన్నాను. ఆమె కాస్త నవ్వింది. వాళ్ళింట్లో పరుపు లేదని నాకు అప్పుడు తెలియదు.

మా గదిలో పేషెంటును పడుకోబెట్టి చూసే బల్ల ఒకటుంది. కానీ దాని మీద ఏడాదిగా మందుల పెట్టెలు పేర్చి ఉండేవి. స్టోరు గది పైకప్పు కారుతోందని తెచ్చి అక్కడ పెట్టారు. కప్పు బాగుచేయించమని రెండుసార్లు కాగితం పెట్టాను, ఎవరూ రాలేదు. దాంతో ఎవరినైనా పడుకోబెట్టి చూడాలంటే ముందు ఆ పెట్టెలన్నీ దించాలి. బయట వరండా నిండి మెట్ల దాకా జనం ఉండేవారు. కడుపు నొప్పి అన్నవాళ్ళను కుర్చీలో కూర్చోబెట్టే కడుపు నొక్కి చూసేదాన్ని. నడుం నొప్పి వాళ్ళను అసలు తాకేదాన్నే కాదు.

మూడోసారి ఆమె వానాకాలంలో వచ్చింది. ఊరంతా జ్వరాలు. ఆమెకూ జ్వరమే, సాయంత్రమయ్యేసరికి వస్తోందట. డెంగీకీ మలేరియాకీ రక్తం తీయించాను. రెండూ లేవని వచ్చింది. నడుం కూడా అట్లనే ఉంది మేడం అంది. జ్వరం తగ్గితే ఒళ్ళు నొప్పులు కూడా తగ్గుతాయని చెప్పాను. ఆమె బయటికి వెళ్ళాక మా సిస్టర్ నా బల్ల దగ్గరికి వచ్చి, "ఈమె మస్తు సన్నగైంది మేడం. యూనిఫాం నడుం కాడ పిన్ను పెట్టుకుంది," అంది. సిస్టర్ ఆ దవాఖానలో నాకంటే ముందు నుంచీ ఉంది. ఆ చుట్టుపక్కల బస్తీల్లో ఆమెకు తెలియని ఇల్లు లేదు. నేను అప్పటికే తర్వాతి చీటీ రాస్తున్నాను. ఊ అన్నాను.

నాలుగోసారి వచ్చినప్పుడు గోడ పట్టుకుని నడుస్తూ లోపలికి వచ్చింది. కూర్చోవడానికి కొంచెం సమయం తీసుకుంది.

"కాళ్ళల్ల చీమలు పాకినట్టు ఉంటుంది మేడం. చెప్పు జారిపోయినా తెలుస్తలేదు."

ఆ మాట ఇప్పటికీ ఆమె గొంతులోనే వినిపిస్తుంది. ఆ రోజే, ఆ నిమిషమే ఆటో పిలిపించి పెద్దాసుపత్రికి పంపాల్సిన మాట అది. నేను నీరసం అనుకున్నాను. సన్నబడింది, జ్వరం పడి లేచింది, తిండి సరిగా లేదు అనుకుని బీ కాంప్లెక్స్ రాశాను. నెల రోజులకు రాశాను. ఆమె చీటీ మడిచి జాకెట్టులో పెట్టుకుని, లేచేటప్పుడు బల్ల అంచు పట్టుకుని లేచింది. అది కూడా చూశాను.

అంతే, మళ్ళీ రాలేదు. రాకపోతే తగ్గిందనుకుంటాం మేము.

రెండు నెలల తర్వాత ఒక మధ్యాహ్నం, ఓపీ అయిపోయాక, టీబీ పని చూసే అబ్బాయి కొత్త కార్డులు తెచ్చాడు. పెద్దాసుపత్రిలో రోగం బయటపడితే, మందులు మాత్రం ఇంటికి దగ్గరగా ఉన్న మా దగ్గర ఇస్తారు. అందులో ఒక కార్డు మీద వెన్నెముక టీబీ అని ఉంది. ఆపరేషన్ అయింది, రెండు కాళ్ళూ పడిపోయాయి అని కింద రాసుంది. పేరు, వయసు చూశాను. ఏమీ గుర్తు రాలేదు. వెన్నెముక టీబీ ఎంత ఆలస్యంగా పట్టుకున్నారో పాపం అని కూడా అన్నాను పైకి.

సిస్టర్ కార్డు చేతిలోకి తీసుకుని చూసింది. తర్వాత నెమ్మదిగా, "మనకాడికే వచ్చింది మేడం ఈమె. పిన్ను పెట్టుకున్న ఆమె," అంది.

నేను కాదన్నాను. మన దగ్గరికి వచ్చుంటే నేను పట్టుకునేదాన్ని అన్నాను. సిస్టర్ వాదించలేదు. లోపలికెళ్ళి పాత ఓపీ రిజిస్టర్లు రెండు తెచ్చి, వేలితో వెతికి, పేజీలు తెరిచి పెట్టింది. నాలుగు తేదీలు, నాలుగు వరసలు. నడుం నొప్పి. నడుం నొప్పి. జ్వరం. నీరసం. నాలుగూ నా చేతి రాతే. ఒక్కొక్క వరస ఒక్కొక్క రోజు రాసినప్పుడు తప్పేమీ కనిపించలేదు. నాలుగూ వెంట వెంటనే చదివితే, వైద్యం చదవని వాళ్ళకు కూడా ఏదో ముంచుకొస్తోందని తెలుస్తుంది.

నాకు ముందు దుఃఖం రాలేదు. భయం వేసింది. ఈ రిజిస్టర్ ఎవరైనా చూస్తారా అన్న ఆలోచన వచ్చింది. అది నిజం కాబట్టే రాస్తున్నాను. ఆ తర్వాత సిస్టర్ మీద కోపం వచ్చింది. ఆ రోజు నాతో గట్టిగా ఎందుకు చెప్పలేదని అడిగాను.

"చెప్పిన మేడం," అంది. "మీరు రాస్తున్నరు."

ఆ గొంతులో నిష్ఠూరం లేదు. జరిగింది జరిగినట్టు చెప్పింది, అంతే. నేను బాత్రూంలోకి వెళ్ళి చాలాసేపు బయటికి రాలేదు. ఆ సాయంత్రం మెట్రోలో నిలబడి ఇంటికి పోతుంటే, మెడలో కంపెనీ ట్యాగులు వేసుకున్న పిల్లలు చుట్టూ నవ్వుకుంటున్నారు. వాళ్ళలో ఎవరు నడిచే నేలని ఆమె తుడిచేదో అనుకున్నాను. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. రెండు రోజులు జ్వరమని సెలవు పెట్టాను.

బాలింత చనిపోతే మా దగ్గర విచారణ జరుగుతుంది. ఎక్కడ ఆలస్యమైందో, ఎవరు ఏం చేశారో గంట గంటకీ రాస్తారు. ఈమె బతికే ఉంది. ఫిర్యాదు చెయ్యలేదు. కాబట్టి ఎవరూ నన్ను ఏమీ అడగలేదు. అడగరని తెలిశాక ఊపిరి పీల్చుకోవాలి, కానీ ఊపిరాడనట్టే ఉండేది. వారం తర్వాత రెండు పేజీలు రాసుకుని మా పై అధికారి దగ్గరికి వెళ్ళాను. ఆయన మంచివారే. మొత్తం చదివి, కళ్ళద్దాలు తీసి, ఎందుకమ్మా నెత్తిన వేసుకుంటారు, అంత రద్దీలో ఎవరైనా అంతే అన్నారు. కాగితం మీద పెడితే రేపు కోర్టు దాకా పోవచ్చని కూడా చెప్పారు. నేను పోతే పోనివ్వండి అనలేకపోయాను. నెలవారీ మీటింగులో పది నిమిషాలు ఇవ్వండని మాత్రం అడిగాను. ఆయన కళ్ళద్దాలు మళ్ళీ పెట్టుకుని, పేరు చెప్పకుండా చెప్పమన్నారు.

చెప్పాను. నాలుగు తేదీలూ బోర్డు మీద రాశాను. ప్రతిసారీ ఆమె ఏమందో, నేనేం రాశానో, ఏం అడగలేదో చెప్పాను. ఒకాయన ఫోన్ చూసుకుంటున్నాడు. అయిపోయాక అధికారి ధన్యవాదాలు చెప్పి టీకాల లెక్కల్లోకి వెళ్ళిపోయారు. నాకు సిగ్గుగా అనిపించింది. కిందికి దిగుతుంటే మెట్ల దగ్గర రిటైర్మెంటుకు దగ్గరలో ఉన్న ఒక డాక్టరు గారు నా కోసం ఆగి ఉన్నారు. ఛాతీ నొప్పితో వచ్చిన ఒక ఆటో డ్రైవరుకి తను గ్యాసు మందిచ్చి పంపాననీ, అతను ఇంటికి చేరలేదనీ చెప్పారు. పాతికేళ్ళయిందట. "ఇంత వరకూ ఎవరికీ చెప్పలేదమ్మా. మీకే చెప్తున్నా," అని నా సమాధానం కోసం చూడకుండా వెళ్ళిపోయారు.

అప్పుడనుకున్నాను, ఆమెకు చెప్పకుండా వీళ్ళందరికీ చెప్పి ఏం లాభమని.

వాళ్ళుండేది స్టేషన్‌కి అవతల, రెండో అంతస్తులో ఒకే గది. మెట్లు ఇరుకు. ఆపరేషన్ తర్వాత ఆమెను నలుగురు కుర్చీలో కూర్చోబెట్టి పైకి మోసుకొచ్చారట. ఆ తర్వాత ఆమె కిందికి దిగలేదు. సిస్టర్ నా వెంట వచ్చింది. తలుపు కూతురు తీసింది. తల్లి పనిచేసిన కంపెనీ యూనిఫాంలోనే ఉంది. అప్పుడు తెలిసింది, ఆ పిల్ల కాలేజీ మాని తల్లి పనిలో చేరిందని. అదే మేడ, అదే అంతస్తు.

ఆమె మంచం మీద వెల్లకిలా పడుకుని ఉంది. నన్ను చూసి లేవబోయింది, చేత కాలేదు. మేడం వచ్చింది, చాయ్ పెట్టు బిడ్డా అంది. నేను వద్దన్నా వినలేదు. ఏం జరిగిందో ఆమే చెప్పింది. నా దగ్గరికి నాలుగోసారి వచ్చిన పదకొండో రోజు ఆఫీసు బాత్రూంలో తుడుస్తుంటే కాళ్ళు రెండూ ఒక్కసారి లేకుండా పోయాయట. నేల తడిగా ఉంది కాబట్టి జారి పడ్డానని అనుకుందట. సూపర్‌వైజర్ కూడా అలాగే అనుకుని, జాగ్రత్తగా ఉండొద్దా అని తిట్టాడట. లేవమంటే లేవలేకపోయింది.

చాయ్ గ్లాసు చేతిలో పట్టుకుని నేను చెప్పాను. రిజిస్టర్ తీసి చూశాననీ, నాలుగుసార్లూ నా దగ్గరికే వచ్చారనీ, వెన్ను మీద చెయ్యి వేసి చూడాల్సింది చూడలేదనీ, ఎక్స్‌రేకి పంపాల్సింది పంపలేదనీ చెప్పాను. తప్పు నాదేనన్నాను. నాలుగుసార్లు నువ్వు అని పిలిచిన మనిషిని ఆ రోజు మీరు అంటున్నానని మధ్యలో నాకే తెలిసింది.

ఆమె పైకప్పు వైపు చూస్తూ విన్నది. "నేను గూడ సరిగ చెప్పలేదేమో మేడం," అంది చివరికి.

"చెప్పారమ్మా. నాలుగుసార్లూ చెప్పారు."

కూతురు గోడకానుకుని నిలబడి ఉంది. "మొదాలే తెలుస్తే అమ్మ నడుస్తుండెనా?" అని అడిగింది.

ఆ ప్రశ్న వస్తుందని తెలుసు. దారి పొడుగునా దానికి జవాబు వెతుక్కుంటూనే వచ్చాను. ఖచ్చితంగా చెప్పలేం, ఒక్కొక్కరికి ఒక్కోలా ఉంటుంది, ఇలాంటి జవాబులు మా దగ్గర చాలానే ఉంటాయి. సిస్టర్ నా మొహం వైపు చూస్తోంది.

"నడిచేది," అన్నాను. "మొదటి మూడుసార్లలో ఎప్పుడు పట్టుకున్నా నడిచేది."

ఆ పిల్ల తలుపు తీసుకుని బయటికి వెళ్ళిపోయింది. మెట్లు దిగుతున్న చప్పుడు కింది దాకా వినపడింది. తల్లి కళ్ళు మూసుకుంది. కనుకొసల నుంచి నీళ్ళు చెవుల్లోకి కారుతుంటే తుడుచుకోలేదు. సిస్టర్ మంచం మీద కూర్చుని తన కొంగుతో తుడిచింది. నేను ఆ పని కూడా చెయ్యలేకపోయాను.

మర్నాడు పొద్దున దవాఖానకు వెళ్ళగానే నేనూ సిస్టరూ కలిసి బల్ల మీది పెట్టెలు దించేశాం. పెట్టడానికి చోటు లేక నా కుర్చీ వెనకే గోడ పొడుగునా పేర్చాం. ఇప్పటికీ నేను కుర్చీ వెనక్కి జరపలేను. ఒకే బాధతో మూడోసారి వచ్చినవాళ్ళ చీటీ మీద సిస్టర్ ఎర్ర పెన్నుతో గీత గీస్తుంది. వాళ్ళను పడుకోబెట్టి, పాత చీటీ పక్కన పెట్టి, ఎన్నడూ చూడని మనిషిని చూసినట్టు మొదటి నుంచీ అడుగుతాను. సిస్టర్ ఏదైనా చెప్పడానికి వస్తే పెన్ను కింద పెట్టాలని మేమిద్దరం ఒప్పందం చేసుకున్నాం. మొదట్లో ఆమెకు నవ్వొచ్చేది. ఇప్పుడు నేను మర్చిపోతే తనే నా చేతిలోంచి పెన్ను తీసేస్తుంది.

మరుసటి ఏడాది ఒక సెక్యూరిటీ గార్డు గొంతు బొంగురుపోయిందని మూడోసారి వచ్చాడు. ఎర్ర గీత పడింది. పెద్దాసుపత్రికి పంపించాం. గొంతులో గడ్డ, చిన్నగా ఉండగానే దొరికింది. అతను మిఠాయి తెచ్చాడు. సిస్టర్ అందరికీ పంచింది. నేను తిన్నాను గానీ రుచి తెలియలేదు. ఇతని గొంతు నిలబడడానికి ఆమె కాళ్ళు పోవాల్సి వచ్చిందా అన్న లెక్క నాకు ఇప్పటికీ మింగుడు పడదు. ఆ గీత ఉన్నా నేను తప్పులు చెయ్యకుండా ఏమీ లేను. పోయిన చలికాలంలో ఒక పసివాడి నిమోనియాని జలుబు అనుకున్నాను. ఆ తల్లి నమ్మక అదే సాయంత్రం వేరే చోటికి తీసుకుపోయింది కాబట్టి బతికాడు.

ఆమె టీబీ మందులు పద్దెనిమిది నెలలు నడిచాయి. నెలనెలా కూతురే వచ్చి తీసుకెళ్ళేది. ఎప్పుడూ సిస్టర్ దగ్గరే తీసుకునేది, నా గదిలోకి వచ్చేది కాదు. నేను నెలకోసారి వాళ్ళింటికి వెళ్ళి చూసేదాన్ని, ఆ పిల్ల పనిలో ఉండే సమయం చూసుకుని. ఆరో నెలలో ఆమె కుడి కాలి బొటనవేలు కదిలింది. ఏడాదికి వాకర్ పట్టుకుని మంచం నుంచి తలుపు దాకా నడిచింది. ఎడమ కాలు ఈడ్చుకుంటూనే ఉంది, ఇక అంతే. ఒంటేలు వస్తున్నది తెలియదు. ఆ సంగతి నాతో చెప్పడానికి మొహమాటపడి సిస్టర్‌తో చెప్పుకుంది. నేను ఇంటికెళ్ళినప్పుడల్లా నాకు చాయ్ తనే పెట్టాలని చూసేది. ఒకసారి, ఆఫీసులో కిటికీల దగ్గర నేల తుడుస్తుంటే పొద్దుటి ఎండ అద్దంలోంచి పడి ఎంత బాగుండేదో చెప్పింది. అక్కడ ఎవరూ లేనప్పుడు కుర్చీలో కూర్చుని చూసేదట. అది చెప్పి, నేను సూపర్‌వైజర్‌ని అయినట్టు, ఒక్క నిమిషమే మేడం, ఎక్కువ కూసోలే, అంది.

మందులు అయిపోయిన నెలలో వాళ్ళు ఇల్లు మారారు. జీడిమెట్లలో ఆమె చెల్లెలి ఇంటి పక్కనే కింది పోర్షన్ ఖాళీ అయిందట. మెట్లు లేవు. కాగితాల కోసం కూతురు వచ్చింది. ఆ రోజు సిస్టర్ సెలవు. కాబట్టి నా గదిలోకే రావాల్సి వచ్చింది. కూర్చోమన్నాను, కూర్చోలేదు. అక్కడి దవాఖానకు ఉత్తరం రాసిచ్చాను. మొదటి రోజు నుంచీ ఏం జరిగిందో, ఎక్కడ ఆలస్యమైందో, ఏమీ దాచకుండా రాశాను. ఆ పిల్ల నిలబడే మొత్తం చదివింది. చదివి మడిచి బ్యాగులో పెట్టుకుంది.

"అమ్మ మిమ్మల్ని అడిగినట్టు చెప్పమన్నది," అంది. బ్యాగు జిప్పు వేసి, "అమ్మ మాఫ్ చేసింది మేడం. నేను చెయ్యలే. నాకు జర టైం పడతది," అంది.

సరే అన్నాను. డిగ్రీ మళ్ళీ కడతావా అని అడగాలని నోటి దాకా వచ్చింది, అడగలేదు. షిఫ్టుకి టైమవుతోందని వెళ్ళిపోయింది.

ఆ తర్వాత తల్లి దగ్గర్నుంచి ఫోన్ రెండుసార్లు వచ్చింది. ఇంట్లో వాకర్ లేకుండా గోడలు పట్టుకుని నడుస్తోందట. గుమ్మంలో కూర్చుంటే వచ్చేపోయేవాళ్ళు పలకరిస్తున్నారట. బిడ్డ ఎలా ఉందని అడిగితే, పనికి పోతోంది మేడం అని చెప్పింది.